రాగికి బియ్యం అంటుకోవు

మార్చి 3, సోమవారం

ఈ ఇంట్లో ఏదో నడుస్తోంది. నేను గదిలోకి అడుగు పెడితే మాటలు ఆగిపోతున్నాయి. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. టీచరు రాగానే ఆగిపోయే మాటలు ఎలాంటివో నాకు ఒకరు చెప్పాలా? పాఠం గురించి మాట్లాడుకునే పిల్లలెవరూ నన్ను చూసి నోరు మూసుకోలేదు.

పొద్దున క్రిస్టోఫర్ డ్యూటీకి పోయే ముందు వసారాలో ఫోన్ మాట్లాడాడు. నేను వినలేదు. వినపడింది. "అమ్మకు తెల్వద్దు వీరన్నా" అన్నాడు. ఆ వీరన్న వీడితో పాటు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. జుట్టు నెరుస్తున్న కొడుకు ఇంకా తల్లికి భయపడుతున్నాడంటే సంతోషించాల్సిందే. కానీ వాడు నాకు భయపడేది తప్పు చేసినప్పుడు మాత్రమే.

కోడలి వాలకం కూడా బాగాలేదు. ఉషారాణి అంగన్‌వాడీలో పిల్లల మీద అరిచి అరిచి వచ్చి, మిగిలిన గొంతుతో ఇంట్లో అరిచేది. వారం నుంచి మౌనం. అరిచే ఉషతో నాకు పేచీ లేదు. మౌనంగా ఉండే ఉషను మాత్రం నమ్మను.

మార్చి 5, బుధవారం

విభూది బుధవారం. ఫాదర్ నుదుట బూడిద పెట్టి, ఈ తపస్సు కాలంలో తలా ఒకటి వదిలిపెట్టండి అన్నారు. అందరూ మాంసం వదిలేస్తారు. నాకు నమిలే పళ్లే లేవు, మాంసం వదిలితే అది త్యాగమెలా అవుతుంది? అందుకని అనుమానం వదిలేద్దామని నిర్ణయించుకున్నాను.

సాయంత్రానికి రాగి చెంబు కనపడలేదు.

మార్చి 6, గురువారం

అది మా అమ్మ చెంబు. పోయిన వానాకాలం ఇంటి వెనక తాటిచెట్టు మీద పిడుగు పడ్డప్పుడు కింద బండ మీద ఉంది. ఒక పక్క నల్లగా కమిలింది. చింతపండు పెట్టి తోమినా పోలేదు. అప్పటి నుంచి మరియమ్మ పటం పక్కన అరలో పెట్టాను. వాడేది లేదు. అయినా ఉండాలి.

ఉషను అడిగాను.

"ఉంటది లే అత్తమ్మా, యాడికి పోతది, దానికేమన్న కాళ్లున్నయా?"

"కాళ్లున్నవాళ్లు ఎవరన్నా తీసుకుపోయారేమోనని."

"ఇంట్ల ఉన్నది నలుగురం. మీరే లెక్కేసుకోండి."

మొహం తిప్పుకుని బియ్యం ఏరుకుంది. సందు చివర పాత సామాన్లవాడి బండి రెండుసార్లు ఆగింది ఈ వారం. నేను ఎవర్నీ ఏమీ అనడం లేదు.

మార్చి 8, శనివారం

మనవరాలు అక్సాకు అయస్కాంతాలు చెప్పాను. ఆరో తరగతి. బళ్లో వాళ్ల టీచరు ఈ పాఠాన్ని చదివి వినిపించాడట. అయస్కాంతాన్ని చదివి వినిపించడమంటే మామిడిపండును ఫోటో తీసి పెట్టడం. నా పెట్టెలోంచి దండాయస్కాంతం తీసి దాని చేతికిచ్చి, ఇల్లంతా తిరిగి ఏదేది అంటుకుంటుందో చూసి రమ్మన్నాను.

పిన్నీసు అంటుకుంది. మేకు అంటుకుంది. కిటికీ చువ్వ అంటుకుంది. అల్యూమినియం గిన్నె అంటుకోలేదు, ఇత్తడి దీపం అంటుకోలేదు, కరెంటు తీగలోని రాగి అంటుకోలేదు. వాళ్లమ్మ గొలుసు దగ్గర పెట్టి గాభరాగా వచ్చింది.

"నానమ్మా, మమ్మీ బంగారం అంటుకుంటలేదు. డూప్లికేటా?"

"బంగారం అంటుకోదు. అంటుకుంటేనే మీ మమ్మీ మీ డాడీని నిలదీయాలి."

తర్వాత అసలు పాఠం. రెండు కడ్డీలకు కాగితం చుట్టి ఇచ్చాను. ఒకటి అయస్కాంతం, ఒకటి ఉత్త ఇనుము. నీ చేతిలోని అయస్కాంతంతో ఏది ఏదో చెప్పు అన్నాను. రెండూ లాక్కున్నాయి. పిల్ల బిక్కమొహం వేసింది. కొన తిప్పి పెట్టమన్నాను. ఒకటి అప్పుడూ లాక్కుంది. రెండోది నెట్టేసింది.

"చూశావా, దగ్గరికి లాక్కున్నంత మాత్రాన అయస్కాంతం అనుకోకూడదు. ఇనుము ఎవరు పిలిచినా పోతుంది. సజాతి ధ్రువాలు ఎదురైనప్పుడు నెట్టేస్తుందే, అదీ రుజువు. ఆకర్షణ చూసి మోసపోవద్దు. వికర్షణే సరైన పరీక్ష."

సూదంటురాయి సంగతి కూడా చెప్పాను. భూమిలో దొరికే అయస్కాంతపు రాయి, పిడుగు పడి దానికి ఆ గుణం వచ్చి ఉంటుందంటారు అని. గోడ అవతల అన్నం తింటున్న క్రిస్టోఫర్ గొంతు వినిపించింది.

"పిడుగు పడితె మాగ్నెట్ అయితదా అమ్మా? నిజంగ?"

పదో తరగతిలో అడగాల్సిన ప్రశ్న. ఇన్నేళ్లకైనా అడిగాడని నా కడుపు నిండిపోయింది. "అవుతుంది, ఇనుము ఉన్న రాయి అయితే" అన్నాను. ఆ రెండో ముక్క అనేసరికి వాడు చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

మార్చి 10, సోమవారం

చెంబు దొరికింది. దొరికింది అనడం తప్పు, రప్పించాను. అన్నాల దగ్గర అందరూ ఉండగా, పోలీస్ స్టేషన్‌కు పోదామా అన్నాను. ఉష లేచి వెళ్లి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చెంబు తీసి నా ముందు పెట్టింది. ఇలా దాచినదాన్ని ఏమంటారు? నేను అనుమానించానా, ఊహించానా? నిజమే కదా!

క్రిస్టోఫర్ చెంబును తీసుకుని తువ్వాలుతో తుడిచాడు. పసిబిడ్డను తుడిచినట్టు. అమ్మమ్మ వస్తువంటే వీడికైనా ప్రేముంది.

ఉష నావైపు చూసిన చూపు బాగాలేదు. ఓడినవాళ్లు అలాగే చూస్తారు.

మార్చి 12, బుధవారం

అక్సా గేటును మోచేత్తో తీసింది. చేతులు రెండూ ఖాళీగానే ఉన్నాయి.

మార్చి 13, గురువారం

బీపీ మాత్రలకు పినపాక దవాఖానాకు పోయి వచ్చేసరికి ఇంటి ముందు తెల్ల కారు. వసారాలోంచి వీరన్న, కొత్త మనిషి ఒకడు దిగుతున్నారు. కొత్తవాడి చేతిలో నల్ల చెక్కపెట్టె. చేతులకు రబ్బరు తొడుగులు, ఆపరేషన్ చేసి వస్తున్నట్టు. నన్ను చూసి నడుం విరిగేలా వంగి దండం పెట్టాడు. అంత కిందికి వంగేవాడు కింద ఏదో వెతుకుతుంటాడు.

"మేడం గారు సైన్స్ టీచర్ అంట గదా. నా పేరు తిరుపతి. నేను కూడ సైంటిఫిక్ సైడే. ల్యాబ్ నుంచి వచ్చిన."

"ఏ ల్యాబు?"

"సెంట్రల్‌ది మేడం."

"దేనికి సెంటర్?"

నవ్వాడు. వీరన్న కూడా నవ్వాడు. నేను హాస్యమాడలేదు.

ఏంది సంగతి అని కొడుకును అడిగితే సోలార్ వాళ్లన్నాడు. సోలార్ వాళ్లు పైకప్పు చూస్తారు. వీళ్లు వసారాలో నేల మీద కూర్చున్న చాప ఇంకా పరిచే ఉంది. ఉష అంగన్‌వాడీ నుంచి రాలేదు. అక్సా మాత్రం స్తంభం పక్కన నిలబడి ఉంది. బడికి ఎందుకు పోలేదంటే కడుపునొప్పి అంది, చెయ్యి వెనక్కి పెట్టుకుని.

మార్చి 15, శనివారం

ఇవాళ్టి నుంచి ఒంటిపూట బడి. మధ్యాహ్నం అయస్కాంతం తీశాను, ధ్రువాలు మళ్లీ చెప్దామని. పిల్ల ముట్టుకోలేదు. అన్నం ప్లాస్టిక్ చెంచాతో తిన్నది, అదీ ఎడమచేత్తో. జామెట్రీ బాక్సులో వృత్తలేఖిని తీయమంటే "నువ్వే తియ్" అంది.

"కుడిచేతికేమైంది?"

"ఏం కాలే."

"ఏం కాకపోతే ఇలా చూపించు."

"ఇనుము ముట్టొద్దన్నరు."

"ఎవరు?"

చాలాసేపు గోరు కొరికింది. "ఎవరికీ చెప్పనని డాడీకి బైబిల్ మీద ఒట్టేసిన నానమ్మా. నీకు చెప్తె నరకానికి పోత."

పదకొండేళ్ల పిల్లకు నరకం అప్పగించి డ్యూటీకి పోయాడు నా కొడుకు.

నాకు వాళ్ల సంగతులు అక్కర్లేదు. ఈ ఒక్కటి తప్ప.

మార్చి 17, సోమవారం

తెలిసింది. నేను అడగలేదు. దానికి బొబ్బట్టు చేసిపెట్టి పక్కన ఊరికే కూర్చున్నాను. దాచుకున్న గొప్ప పిల్లల కడుపులో ఎంతసేపు ఆగుతుంది?

"నా చెయ్యి పెడితె బియ్యం నడుస్తయి నానమ్మా! నిజంగ నడుస్తయి! నువ్వు లేనప్పుడు రెండుసార్లు తిరుపతి సార్ గాజుపళ్లెం పెట్టి, చెంబు పెట్టి, దూరంగ బియ్యం చల్లిండు. డాడీ చెయ్యి పెడితె ఏం కాలే. వీరన్న అంకుల్ పెడితె ఏం కాలే. నేను పెట్టంగనే చీమల లెక్క చెంబు దిక్కు వచ్చినయి. నా చేతిల పవర్ ఉన్నదంట. ఇనుము ముట్టుకుంటె పోతదంట."

దాని కళ్లు చూశాను. లెక్కల్లో ఎప్పుడూ వెనక బెంచీ, ఆటల్లో ఎవరూ పిలవని పిల్ల. ఆ కళ్లలో అలాంటి వెలుగు నేను నా పాఠంతో ఒక్కనాడూ తేలేకపోయాను.

పిడుగు పడ్డ చెంబుకు బియ్యాన్ని లాగే శక్తి వస్తుందట. రాకెట్లలో వాడతారట. కోట్లట. ఈ కథ నేను ఉద్యోగంలో ఉన్నప్పుడే విన్నాను, ఊరికొకడు టెస్టులకని డబ్బు కట్టి దీని కోసం మునిగాడు. మా ఇంటికి వస్తుందనుకోలేదు.

పిల్ల నిద్రపోయాక వసారాలో మోకాళ్ల మీద వంగి బండల సందుల్లో వెతికాను. గింజలు దొరికాయి, కొంచెం మాసిన రంగులో. అయస్కాంతం దగ్గరికి తీసుకెళ్లాను. టక్కున అతుక్కున్నాయి. చెంబు దగ్గర పెట్టాను. కదల్లేదు. మా డబ్బాలోని బియ్యం అయస్కాంతానికి పెట్టాను. కదల్లేదు. ఈ మధ్య రేషన్ బియ్యంలో ఐరన్ కలుపుతున్నారని ఉష ఒకసారి భయపడింది; అవీ పెట్టి చూశాను. ఆ ఐరన్ ఒంటికి పట్టేది, అయస్కాంతానికి పట్టేది కాదు. దొరికిన గింజ ఒకటి వేళ్ల మధ్య నలిపితే నల్లటి పొడి.

అంతే సంగతి. బియ్యానికి సన్నటి ఇనుప రజను పూశాడు. పళ్లెం కింది నల్లపెట్టెలో అయస్కాంతం. అది ఎప్పుడు దగ్గరికి జరపాలో ఎవడి మోకాలికో తెలుసు. రాగి అనయస్కాంత పదార్థం. పిడుగు కాదు, ఆకాశం విరిగి పడ్డా రాగికి బియ్యం అంటుకోవు.

మార్చి 18, మంగళవారం

క్రిస్టోఫర్‌కు చెప్పాను. అయస్కాంతం, గింజలు ముందు పెట్టి చెప్పాను. వాడు గింజల వైపు చూడలేదు.

"గా బియ్యం తిరుపతి సార్ చల్లినయే అని నీకెట్ల తెలుసు? సందుల ఏదన్న దుమ్ము అంటింది కావచ్చు."

"దుమ్ము అయస్కాంతానికి అంటుకుంటుందట్రా? ఇది ఇనుము."

"పిడుగు పడితె మాగ్నెట్ అయితదని నువ్వే చెప్పినవ్ గదమ్మా."

"ఇనుప రాయికి చెప్పాను! నువ్వు సగం విని లేచిపోయావు."

"అమ్మా, నీకు ఎవరి మీద అనుమానం లేదు చెప్పు. పాలాయన నీళ్లు కలుపుతడు. గ్యాస్ పిలగాడు తూకం కొడతడు. ఉష చెంబు అమ్ముకున్నది. ఫాదర్ కుక్క కూడ నిన్ను చూసి మొరిగితె దాన్ని ఎవరో నేర్పిన్రు అన్నవ్. ఇప్పుడు ఇది."

పాలలో నీళ్లు కలిపేది నిజమే. కానీ ఇన్నేళ్లూ అందరినీ అనుమానించి అనుమానించి, కావలసిన రోజుకు నా మాటకు విలువ లేకుండా చేసుకున్నాను.

లేచేటప్పుడు వాడు గోడ పట్టుకుని లేచాడు. డంపర్ కుదుపులకు వాడి నడుం ఎప్పుడో పోయింది. "ఒక్కసారి ఇది అయితె ఆ బండి దిగుత అమ్మా" అన్నాడు, నావైపు చూడకుండా. వచ్చే ఆదివారం ఆఖరి టెస్టట. పాప చెయ్యి కావాలట.

మార్చి 20, గురువారం

పిల్లకు ఎలా చెప్పడం? అందరి ముందు బయటపెడితే తిరుపతి పోతాడు, కానీ బళ్లో దీన్ని బియ్యం పిల్ల అంటారు. నేను నోటితో చెబితే నానమ్మకు కుళ్లు అనుకుంటుంది.

బల్ల మీద ఒక కాగితంలో వసారా గింజలు, ఒక కాగితంలో మన డబ్బా బియ్యం, మధ్యలో అయస్కాంతం పెట్టాను. ఏం చేయాలో చెప్పలేదు. చెప్పకుండా ఉండటం నాకెంత కష్టమో దేవుడికి తెలుసు. కరివేపాకు కోయడానికి పెరట్లోకి పోయాను. ఇంట్లో చాలినంత ఉంది.

కొమ్మ సగం బోడి చేశాక లోపలికి వచ్చాను. అక్సా అయస్కాంతాన్ని కుడిచేత్తో పట్టుకుని ఉంది. దాని రెండు కొనల దగ్గర గింజలు గడ్డంలా వేలాడుతున్నాయి. నడుమ ఒక్కటీ లేదు. ధ్రువాల దగ్గరే బలం ఎక్కువ అని చెప్పడానికి నోరు తెరిచి మూసుకున్నాను.

పిల్ల గింజలన్నీ ఒలిచి, మళ్లీ కాగితంలో పోసి, చేతులు గౌనుకు తుడుచుకుని వెళ్లిపోయింది.

గెలిచానని రాయాలి. రాయబుద్ధి కావడం లేదు.

మార్చి 22, శనివారం

అక్సా నాతో మాట్లాడటం లేదు. ప్లాస్టిక్ చెంచా చెత్తబుట్టలో కనపడింది.

మార్చి 23, ఆదివారం

చర్చిలో పూజ నుంచి వచ్చేసరికి తెల్ల కారు ఉంది.

వసారాలో చాప, నల్లపెట్టె, దాని మీద గాజుపళ్లెం, దాని మీద మా అమ్మ చెంబు. ఒక పక్క తిరుపతి, వీరన్న, ఇంకో పక్క క్రిస్టోఫర్. ఉష వంటింట్లో ఉంది. నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టారు, పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా.

తిరుపతి అక్సా గుప్పిట్లో బియ్యం పోసి చల్లమన్నాడు. ఆ గుప్పెడు గౌను జేబులోకి పోయింది. పళ్లెం మీద పడ్డవి రెండో జేబులోంచి తీసినవి. నా కుర్చీ వైపు నుంచి మాత్రమే కనపడింది.

చెంబు మీద చెయ్యి పెట్టింది. బియ్యం బియ్యంలాగే పడి ఉన్నాయి. తిరుపతి మోకాలు పెట్టెకు ఆనించి అటూ ఇటూ జరిగాడు. ఏమీ లేదు. అక్సా వాడి మొహంలోకే చూస్తోంది. అది భయమో, కోపమో నాకు తెలియలేదు.

వాడు కళ్లు మూసుకున్నాడు. తెరిచాడు. మోసగాడిలో కూడా ఒక ప్రతిభ ఉంటుంది.

"అన్నా, చెంబుల పవర్ దిగిపోయింది. పాపలోకి వచ్చింది. నేను ఇసుంటిది ఒక్కసారే చూసిన. ఇప్పుడు చెంబు కాదు, పాపే మెయిన్. పర్ణశాల అవతల మా గురువుగారు ఉన్నరు. పాపను రెండు రోజులు పంపియ్. జల్దీ పోవాలె, ఇయ్యాలే."

నా దగ్గర వాక్యాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. రజను, ధ్రువాలు, అనయస్కాంత పదార్థం. ఒక్కటి బయటికి రాలేదు.

క్రిస్టోఫర్ పిల్ల వైపు చూశాడు. తిరుపతి వైపు చూశాడు. నోరు తెరిచాడు.

అప్పుడు ఉష వచ్చింది.

"ఎవర్రా నువ్వు? నా బిడ్డను యాడికి పంపాలె?"

"అమ్మా, మీకు అర్థమైతలేదు..."

"అవ్, నాకు అర్థం కాదు. నేను అంగన్‌వాడీదాన్ని. రోజూ ఇరవై మందికి ముక్కు తుడుస్త, నీకు తుడవలేనా?"

కాలు ఎత్తి ఆ పెట్టెను తన్నింది. పళ్లెం పగిలింది, చెంబు దొర్లింది, పెట్టె మెట్ల మీదుగా పడి మూత ఊడింది. లోపలి నుంచి సౌండ్ బాక్సుల్లో ఉండే పెద్ద గుండ్రటి అయస్కాంతం చక్రంలా దొర్లుకుంటూ పోయి, టప్పుమని మా ఇనుప గేటుకు అతుక్కుంది.

తిరుపతి పరుగెత్తి దాన్ని పీకబోయాడు. రబ్బరు తొడుగులు జారాయి. రెండుసార్లు గుంజాడు, గేటు తెరుచుకుంది తప్ప అది ఊడలేదు. అలాగే కారెక్కాడు. వీరన్న తన బండి కూడా మర్చిపోయి ఆ కారులోనే పోయాడు.

మార్చి 24, సోమవారం

క్రిస్టోఫర్ డ్యూటీకి పోయాడు. పోయేముందు గేటు దగ్గర ఆ అయస్కాంతాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. నేనేమీ అనలేదు. తల్లులు అనాల్సినవన్నీ అనకూడని రోజులు కొన్ని ఉంటాయి.

ఉష గాజుపెంకులు ఊడుస్తుంటే అడిగాను.

"చెంబు నువ్వు దాచింది ఇందుకేనా?"

"మరి దేనికి? మీ చెంబు అమ్ముకుని మేడ కడ్దామనా?"

"నాకు చెప్పొచ్చు గదా."

"చెప్తె మీరు ఊకుంటరా అత్తమ్మా? ఆయనను కూసోబెట్టి గంట క్లాస్ పీకుతరు. ఆయన మొండికేస్తడు. చెంబు కనపడకపోతె వాళ్లే విసిగి పోతరనుకున్న." చీపురు ఆపింది. "మీరు పోలీసుల దాక పోతిరి. పిల్లను కూసోబెడుతున్నరని నాకు తెల్వది. తెలిస్తె ఆనాడే తందును."

సజాతి ధ్రువాలు వికర్షించుకుంటాయి అని రాయబోయి ఆగాను. ఉషను నాతో పోలిస్తే అది ఉషకు అన్యాయం.

నేను పెంకులు చేటలోకి ఎత్తాను. "తెగుతది, పక్కకు జరగండి" అని కసిరింది. హాయిగా అనిపించింది.

మార్చి 26, బుధవారం

అక్సా ఇవాళ నా పక్కన వచ్చి కూర్చుంది. నేను చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. అదీ ఒలిచింది, కుడిచేత్తో.

"నానమ్మా, నా చేతిల నిజంగ ఏం లేదా?"

"లేదు."

"కొంచెం కూడ?"

"లేదమ్మా. నా చేతిలో కూడా లేదు. ఎవరి చేతిలోనూ లేదు."

అబద్ధం చెబితే ముద్దు పెట్టుకునేది. చెప్పలేదు. అది తలూపింది. ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. నేను గండం గడిచిందనుకున్నాను. అప్పుడు తల ఎత్తకుండా అడిగింది.

"మమ్మీ రాకపోతె డాడీ నన్ను పంపేటోడా?"

వాడు నోరు తెరవడం నేను చూశాను. అదీ చూసింది. ఆ నోట్లో ఏ మాట ఉందో ఉష రానివ్వలేదు. వాడిని అడిగితే వంద సార్లు కాదంటాడు. అడిగితే వచ్చేది జవాబే గానీ రుజువు కాదు. చేసి చూడనిది రాయొద్దని, చూడనిది చూశామని చెప్పొద్దని, బతుకంతా పిల్లలకు చెప్పాను. రికార్డుల్లో ఊహలు రాసినవాళ్లకు సున్నాలు వేశాను.

"పంపడు" అన్నాను. ఒక్క క్షణం ఆలోచించలేదు. "మీ డాడీ పంపడు."

"నీకెట్ల తెలుసు?"

"నాకు తెలుసు."

నా మొహంలోకి చూసింది, ఆదివారం తిరుపతి మొహంలోకి చూసినట్టే. నేను చూపు తిప్పుకోలేదు. కాసేపటికి నా భుజానికి తల ఆనించింది. బరువంతా వేసి.

నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. ఈ ఒక్కటి మాత్రం నేను పరీక్షించి చూడను.